గురుశిష్యుల నడుమ నిలిచిన యంత్రము

(ఇస్మాయిల్‌ఖాన్‌పేటయందు జరిగిన మన సంఘ వార్షిక మహాసభలో చేసిన యుపన్యాసము)



మన సంఘ వార్షిక సభ దుర్గాభవానీ క్షేత్రముచే ప్రసిద్ధమైన యీ యిస్మాయిల్‌ఖాన్‌పేటలో జరుగుట మిగుల సంతోషకరము. కార్యనిర్వాహకులు విద్యను గూర్చి నాలుగు మాటలు చెప్పుమని మమ్ము కోరిరి. విద్య సముద్రమువంటిది. అందుండి నేఁడు మన యిండ్లను కలఁచుచున్న యొక్క యంశమునే యెత్తుకొందుము. సెల్‌ఫోను, టాబ్లెట్, అంతర్జాలము మున్నగు నూతన సాధనములవలన ఉపాధ్యాయునకును విద్యార్థికిని నడుమ దూరము పెరుగుచున్నదా? పెరుగుచున్నచో కారణమేమి? మన సంఘము చేయఁదగినదేమి? ఇవి పాండిత్యమునకై యెత్తిన ప్రశ్నలు కావు. పదవ తరగతియందు మంచి మార్కులు తెచ్చుకొన్న మన పిల్లలకు తలకొక టాబ్లెట్ బహూకరింపవలయునను తీర్మానము ఈ మధ్యాహ్నము మీ యెదుటికి రానున్నది. ధనము మన దాతలది, పిల్లలు మనవారు. కనుక చేయి యెత్తుటకు ముందు కొంత యాలోచించుట మన విధి.

తైత్తిరీయోపనిషత్తున శీక్షావల్లి యని యొక భాగము కలదు. అందు విద్యను మన పూర్వులు వ్యాకరణ పరిభాషతో నిరూపించిరి. ఆచార్యుఁడు పూర్వరూపము, శిష్యుఁడు ఉత్తరరూపము, విద్య వారిరువురి సంధి, ప్రవచనము, అనఁగా చెప్పుటయు వినుటయు, ఆ సంధిని కూర్చునది. ఇంతకంటె చక్కని విద్యానిర్వచనము మాకు కానరాదు. విద్య గురువుకడ నున్న వస్తువు కాదు. శిష్యుఁడు కొనిపోవు మూటయుఁ గాదు. ఇరువురు కలసినచోట పుట్టునది.

తెలుఁగు వ్యాకరణము చదివినవారికి మఱియొక సంగతి తెలియును. రెండచ్చులకు సంధి కలుగనిచోట నడుమ యకారము వచ్చి నిలుచును. దానిని యడాగమ మందురు. ‘మా’ యను మాటకును ‘అమ్మ’ యను మాటకును సంధి లేదు గనుక ‘మాయమ్మ’ యగుచున్నది. ఆ యకారము పూర్వపదముది కాదు, పరపదముదియుఁ గాదు; వెలినుండి వచ్చినది. అది చెడ్డది కాదు. అది లేనిచో మాట పలుకుట కష్టమగును. కాని యది కనఁబడినచోట సంధి జరుగలేదని మనము గ్రహింపవలయును. నేఁడు గురుశిష్యుల నడుమ నిలిచిన యీ యంత్రమట్టిదే యని మా యభిప్రాయము. దూరమును పుట్టించినది యంత్రమొక్కటియే కాదు. సంధి సడలినచోట నది వచ్చి చేరినది. చేరినపిదప దూరమును స్థిరపఱచుచున్నది.

తరముల నడుమ నంతరము మనకు క్రొత్త గాదు. నిజాము రాజ్యమున పాఠశాలలలో ఉర్దూ బోధనాభాషగ నుండెడిది. 1918లో స్థాపింపఁబడిన ఉస్మానియా విశ్వవిద్యాలయమునందును ఉర్దూయే బోధనాభాష. ఇంట తాతకు వచ్చినది తెలుఁగు. బడిలో మనుమఁడు చదివినది ఉర్దూ. తాత చదివిన పురాణము మనుమని కక్కఱకు రాలేదు. మనుమఁడు చదివిన పుస్తకము తాతకు తెలియలేదు. నేఁటి దూరముకంటె నాఁటి దూరము తక్కువ యని యెవరు చెప్పఁగలరు?

ఆ దూరమును మన పెద్దలెట్లు తగ్గించిరి? 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసినది. 1930లో మన జిల్లాలోని జోగిపేటయందే ప్రథమ నిజామాంధ్ర మహాసభ శ్రీ సురవరము ప్రతాపరెడ్డిగారి యధ్యక్షతను జరిగినది. గ్రంథాలయములు, పఠనమందిరములు వ్యాపించినవి. కులసంఘములును చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. 1918లో హైదరాబాదున రెడ్డి హాస్టలు నెలకొన్నది. శ్రీ భాగ్యరెడ్డివర్మగారు 1906లో జగన్మిత్ర మండలిని స్థాపించి, పిదప నాది హిందువుల బాలబాలికలకై పాఠశాలలు నడిపిరి. ఈ ప్రయత్నము లన్నిటియందు సమానమైన దొక్కటి కలదు. వారు విద్యార్థి చేతికొక వస్తువు నిచ్చి యింటికి పంపలేదు. నలుగురు కలసి కూర్చుండుటకు నొక చోటు కల్పించిరి. పఠనమందిరములో నొక్క పత్రికను పెద్దవాఁడును చిన్నవాఁడును చదువఁగలరు. ఒకఁడు పైకి చదువును, మఱొకఁడు వినును, మూఁడవవాఁడు ప్రశ్నించును. అదియే ప్రవచనము, అదియే సంధి.

యంత్రముచే పాఠము చెప్పించుటయు క్రొత్తది కాదు. 1975 ఆగస్టు మొదలు 1976 జూలై వఱకు ఒక సంవత్సరము, ఉపగ్రహము ద్వారమున ఆరు రాష్ట్రములలోని సుమారు 2400 గ్రామములకు దూరదర్శన పాఠములు ప్రసారమైనవి. అందు నాఁటి యాంధ్రప్రదేశము నొకటి. ఉదయము పిల్లలకు, సాయంకాలము పెద్దలకు. ఊరికొక పెట్టె యుండుటచే నూరెల్ల దానిముందు కూర్చుండెను. చూచినదానిని గూర్చి మాటలాడుకొనుట కవకాశ ముండెను. నేఁటి యంత్రము వేఱు. అది యరచేతిలో నిముడును. ఒక్కని కన్నులకు మాత్రమే కనఁబడును. చెవులలో తీఁగలు పెట్టుకొన్నచో నొక్కనికే వినఁబడును. ప్రక్కన కూర్చున్న తండ్రికి కుమారుఁడు గణితము చదువుచున్నాఁడో, ఆట లాడుచున్నాఁడో తెలియదు. ఈ యేకాంతమే ముఖ్యమైన భేదము.

కరోనా వ్యాధి దినములను మీరు మఱచియుండరు. 2020 మార్చిలో బడులు మూఁతపడినవి. 2020 సెప్టెంబరు 1వ తేదినుండి మన రాష్ట్రమున దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ప్రసారముల ద్వారమున పాఠములు మొదలైనవి. 1వ తరగతి మొదలు 5వ తరగతి వఱకు చదువు చిన్నబిడ్డలు 2021 సెప్టెంబరు 1 దాఁక బడి గడప త్రొక్కలేదు. సంగారెడ్డి, పటాన్‌చెరువు ప్రాంతములలో తండ్రి కర్మాగారమున షిఫ్టు పనికి పోవు నిండ్లు పెక్కు. ఇంట నున్న యొక్క ఫోను తండ్రి జేబులో షిఫ్టునకు పోయినచో బిడ్డకు పాఠము లేదు. ఫోను రెండైనచో నొకటి యన్నకు దక్కును. చెల్లెలు వంతు వచ్చువఱకు వేచియుండును. ఆ పదునెనిమిది మాసములలో పిల్లలు నేర్చినదొకటి, మఱచినదొకటి. తెరను వ్రేలితో త్రోయుట నేర్చిరి. ఉపాధ్యాయుని మొగము చూచి సందేహ మడుగుట మఱచిరి. బడులు తెఱచినతోడనే మొదటిది పోలేదు, రెండవది తిరిగి రాలేదు.

ఇందులకు గొన్ని లెక్కలు కలవు. ప్రథమ్ సంస్థవారు దేశమున గ్రామీణ విద్యాస్థితిని పరిశీలించి ‘అసర్’ అను నివేదికలను ప్రకటించుచుందురు. 2024 నివేదికయందు 14 మొదలు 16 ఏండ్ల పిల్లలలో నూటికి సుమారు 82 మందికి స్మార్ట్‌ఫోను వాడుట వచ్చు ననియు, అడిగిన వారమునకు ముందు వారమున దానిని చదువునకు వాడినవారు నూటికి 57 మంది యనియు, సామాజిక మాధ్యమములకు వాడినవారు 76 మంది యనియు కలదు. 2023లో 14 మొదలు 18 ఏండ్ల వారిని పరిశీలింపఁగా, ఫోను వాడుట తెలిసిన బాలురలో నూటికి 43 మందికి పైగా సొంత ఫోను కలదు. బాలికలలో 20 మందికి లోపుగనే కలదు. అదే నివేదికయందు ఈ వయస్సువారిలో దాదాపు నాలుగవవంతు తమ భాషలో రెండవ తరగతి పాఠమును తడఁబడక చదువలేకపోయిరి. తెర చేతికి వచ్చినది. అక్షరము నోటికి రాలేదు.

మార్క్ ప్రెన్‌స్కీ యను నమెరికా రచయిత 2001లో విద్యార్థులను ఈ నూతన లోకమున పుట్టినవారనియు, ఉపాధ్యాయులను వలస వచ్చినవారనియు విభజించెను. ఆ మాట మిక్కిలి ప్రచారమైనది. మేము దానిని పూర్తిగ నంగీకరింపఁజాలము. పై లెక్కలే దానికి సమాధానము. ఏటియొడ్డున పుట్టినంతమాత్రమున నీఁత రాదు. మంజీరా తీరవాసులకు నీ సంగతి యొకరు చెప్పనక్కఱలేదు. పిల్లలకు వచ్చినది వ్రేళ్ల చురుకుఁదనము. వచ్చిన సమాచారము నిజమా, యబద్ధమా? వ్రాసినవాఁ డెవఁడు? ఎందులకు వ్రాసెను? ఈ వివేకము వయస్సుతో, చదువుతో, పెద్దల సాంగత్యముతో రావలసినదే. ఉపాధ్యాయునికి వివేక మున్నది, వ్రేళ్లు తడఁబడును. శిష్యునికి వ్రేళ్లు చురుకు, వివేకము లేఁత. ఒకరికి లేనిది మఱొకరి కున్నది గనుక వీరిరువురు కలసికొనుటకు నింతకంటె మంచి సమయము లేదు. అయినను కలసికొనుట లేదు. ఏల?

మొదటి కారణము మానము. పూర్వ మేది నేర్వవలసినను గురువే ముందు, శిష్యుఁడు వెనుక. ఈ యొక్క విషయమున క్రమము తలక్రిందైనది. తరగతిలోని పెద్ద తెర వెలుఁగనిచో వెనుక బల్లపైనున్న కుఱ్ఱఁడు వచ్చి సరిచేయవలసివచ్చుచున్నది. కొందఱు పంతుళ్లు దానిని చిన్నతనముగ నెంతురు. కొందఱు పిల్లలు దానిని విజయముగ నెంతురు. ఇద్దఱును పొరపడుచున్నారు. శిష్యునివలన నొక మెలకువ తెలిసికొన్నంత గురుత్వము తఱుగదు. ఒక మీఁట నొక్కుట తెలిసినంత శిష్యునికి విద్య పూర్తి కాదు.

రెండవది, ఉపాధ్యాయుని చూపు మఱలుట. నేఁడు హాజరు యంత్రమునకు, మార్కులు యంత్రమునకు, చేసిన పనికి ఛాయాచిత్రము యంత్రమునకు. తరగతిలో నుపాధ్యాయుఁడే ఫోను చేతఁబట్టి, తెర చూచుచు, పిల్లలతో ‘ఫోను ముట్టరా’ దనుచున్నాఁడు. ఇది యాతని తప్పని మేమనము, ఉద్యోగధర్మ మట్లున్నది. కాని పిల్లలు చెప్పినది చేయరు, చూచినది చేయుదురు.

మూఁడవది లిపి. మన పిల్లలు తెలుఁగు మాటలనే యింగ్లీషు అక్షరములలో వ్రాసికొనుచున్నారు. నిజాము కాలమున తాతమనుమల నడుమ భాష యడ్డు నిలిచినది. నేఁడు భాష యొక్కటియే యైనను లిపి యడ్డు నిలిచినది. మనుమఁడు పంపిన సందేశమును తాత చదువలేఁడు. తాత వ్రాసిన యుత్తరమును మనుమఁడు చదువఁడు.

నాలుగవది యన్నిటికంటె గొప్పది, ప్రశ్న దారి మఱలుట. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వెలువడినపిదప ప్రశ్న వేసిన క్షణములో జవాబు వచ్చు కాలము వచ్చినది. మన రాష్ట్రమున 2025లో కొన్ని ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలలో కృత్రిమ మేధ సాయమున భాష, గణితము అభ్యసింపించుటయు మొదలైనది. దానిని మేము కాదనము. కాని యొక దృష్టాంతము వినుఁడు. రామశబ్దము చెప్పుమనిన యంత్రము సంబోధనతోఁ గూడ 24 రూపములను రెప్పపాటులో నెదుట పెట్టును. ఒక్క తప్పుండదనుకొందము. విద్యార్థి చూచెను, వ్రాసికొనెను, పోయెను. అదే శిష్యుఁడు గురువునెదుట నిలిచి చెప్పుచు తృతీయా ద్వివచనమున తడఁబడును. గురువు వెంటనే సరిదిద్దఁడు. ‘చతుర్థి చెప్పు, పంచమి చెప్పు’ మనును. మూఁడు విభక్తులకు ద్వివచన మొక్కటియే యని శిష్యునకుఁ దానే తోఁచును. వాని మొగము వెలుఁగును. ఆ వెలుఁగు విద్య. జవాబు నిచ్చుట యంత్రమునకును తెలియును. జవాబును కొంచెముసేపు దాచియుంచుట గురువునకే తెలియును.

ఇట్లనుటచే మేము యంత్రద్వేషులమని తలఁపవలదు. సూర్యరాయాంధ్ర నిఘంటువు సంపుటములు పల్లెటూరి పంతులింట నుండుట కలలోని మాట. నేఁ డాంధ్రభారతి యను జాలస్థలమున నా నిఘంటువును మఱికొన్నింటిని నెవరైనను రూక వ్యయము లేక వెదకికొనవచ్చును. పటాన్‌చెరువు కర్మాగారములకు బీహారు, ఒడిస్సాలనుండి వచ్చిన కార్మికుల బిడ్డలు మన బడులలో చేరినప్పుడు, వారి మాట మనకును మన మాట వారికిని తెలుపుటకు ఫోనులోని యనువాదము చేయూఁత నిచ్చును. చూపు లేనివారికి చదివి వినిపించు యంత్రము కన్నువంటిది. పాఠ్యపుస్తకములలో ముద్రించిన క్యూ.ఆర్. కోడులు 2017లో నారంభమైన దీక్షా వేదికలోని పాఠములకు త్రోవ చూపును. యకార మక్షరమే, దానికిని వర్ణమాలలో స్థానము కలదు.

ఇతర దేశములు, రాష్ట్రము లేమి చేయుచున్నవో చూతము. 2023లో యునెస్కోవారు విద్యలో సాంకేతికతను గూర్చి ప్రకటించిన ప్రపంచ నివేదికయందు, సాధనము విద్యార్థి మేలునకై యుండవలయునే కాని సాధనమునకై విద్య యుండరాదని హెచ్చరించిరి. చిన్నపిల్లల చేతులకు తెరలిచ్చుటలో ముందంజ వేసిన స్వీడన్ దేశము 2023లో వెనుదిరిగి ముద్రిత పుస్తకములకు ధనము కేటాయించినది. కేరళలో 2018లో ‘లిటిల్ కైట్స్’ అను విద్యార్థి బృందములను బడులలో నేర్పాటు చేసిరి. ఆ పిల్లలు యంత్రవిద్య నేర్చి, తమ బడికిని పెద్దలకును తోడ్పడుదురు. ఇందలి సూక్ష్మము గ్రహింపుఁడు. పిల్లవాని నేర్పును గర్వముగ మాఱనీయక సేవగ మార్చిరి.

మనకు చేరువనే కంది గ్రామమున భారతీయ సాంకేతిక విజ్ఞాన సంస్థ కలదు. 2008లో యెద్దుమైలారమునందలి యాయుధ కర్మాగార ప్రాంగణమున తాత్కాలికముగ నారంభమై 2015లో కందికి తరలినది. పటాన్‌చెరువున 1972లో స్థాపింపఁబడిన ఇక్రిశాట్ కలదు. లోకమునకు విజ్ఞానము పంచు సంస్థలు మన పొలిమేరలో నుండఁగా, మన వీధి పిల్లవాఁడు ఫోనులో దానిని వెదకుచున్నాఁడు. వాని పంతులు వానికి దూరమైనాఁడు.

ఇఁక మధ్యాహ్నపు తీర్మానమును గూర్చి. దాతల సదుద్దేశమునకు మేము నమస్కరించుచున్నాము. కాని తలకొక టాబ్లెట్ ఇచ్చినచో నేమగును? తెలివైన పిల్లవానికే యది దక్కును. వెనుకఁబడినవాఁడు మఱింత వెనుకఁబడును. ఆడుబిడ్డకు వచ్చినదానిని గొన్ని యిండ్ల నన్నదమ్ములు పుచ్చుకొందురు. రెండు మూఁడేండ్లకు యంత్రము పాతఁబడును, పగులును. ఏకాంతమున నున్న పిల్లవాఁడు మఱింత యేకాంతమునకు పోవును. కావున నా సొమ్మునే మఱొక విధమున వినియోగింపుఁడని మా ప్రార్థన.

మొదట, మన సంఘభవనములో నొక సాయంకాల పఠనశాల నేర్పఱుపుఁడు. టాబ్లెట్‌లు నాలుగైదు చాలును. అవి సంఘము సొత్తుగ బల్లలపై నుండవలయును, తెరలు నలుగురికిఁ గనఁబడవలయును. రెండు, విశ్రాంతి పొందిన యుపాధ్యాయులు మనలో ననేకులు కలరు. వారొక్కొక్కరు వారమునకొక సాయంకాల మచట కూర్చుండవలయును. మేమును కూర్చుండుటకు సిద్ధముగ నున్నాము. మూఁడు, ప్రతి పంతులునకు నొక విద్యార్థి తోడుండి యంత్రపు మెలకువలు చూపవలయును; ప్రతి విద్యార్థియు యంత్రమిచ్చిన జవాబును పంతులు నెదుట తన నోట తన మాటలలో తిరిగి చెప్పవలయును. నాలుగు, ప్రతిదిన మొక గడియ యంత్రములను మూసి, ఒకరు పైకి చదువఁగా తక్కినవారు వినవలయును. అయిదు, బాలికలకు ప్రత్యేకముగ వేళ నేర్పఱచి, వారి తల్లులనుగూడ రప్పింపవలయును. కర్మాగారమున షిఫ్టు ముగించుకొని వచ్చిన తండ్రికిని ద్వారము తెఱచియుండవలయును. మన కులమువారికే కాక, వీధిలోని యే బిడ్డ వచ్చినను కాదనరాదు. విద్యకు గోడ కట్టినవాఁడు తన బిడ్డకే గాలి లేకుండ చేసికొనును.

చేతికిచ్చు బహుమతి వేదికపై ఛాయాచిత్రమున బాగుండును, గది యట్లుండదని కొందఱు దాతలు తలఁపవచ్చును. దాతల పేళ్లను గది గోడపై శిలాఫలకమున చెక్కింపుఁడు. టాబ్లెట్‌కంటె శిల చిరకాలము నిలుచును. పిల్లవాఁడింట నుండి చదువుటయే మేలుగదా యనువారికి మేము చెప్పున దొక్కటియే. ఇల్లు నిశ్శబ్దముగ నున్నచో మేలే. కాని యొక్క గదిలో నలుగురు కాపురముండు కార్మికునింట బిడ్డకు మొదట కావలసినది యంత్రము కాదు, కూర్చుండుటకు చోటు.

శిష్యుఁడు లేని గురువునకు పాండిత్యము బరువు. గురువు లేని శిష్యునకు సమాచారము బరువు. ఇరువురి బరువును దింపునది ప్రవచనమొక్కటియే. ఈ మధ్యాహ్నము చేయి యెత్తునపు డీ మాటను తలఁచికొనుఁడని సభవారిని వేఁడుకొనుచున్నాము.